ఆమెన్ లేని సాక్ష్యం

మా తెలుగు కూడికలో సాక్ష్యం చెప్పడానికి ఒక పద్ధతి ఉంది. ఎక్కడా రాసిపెట్టలేదు గాని తప్పినవాళ్ళూ లేరు. లేచి నిలబడాలి, ప్రభువు పేరిట అందరికీ వందనాలు చెప్పాలి, వచ్చిన కష్టాన్ని కాస్త సాగదీసి చెప్పాలి, ప్రార్థన చేశామనాలి, చివర్లో దేవుడు చేసిన మేలు చెప్పి కూర్చోవాలి. అప్పుడు అందరూ ఆమెన్ అంటారు. ఉద్యోగం వచ్చినవాళ్ళు లేస్తారు, రానివాళ్ళు లేవరు. కడుపు పండినవాళ్ళు లేస్తారు, పండనివాళ్ళు చప్పట్లు కొడతారు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను గనక ఇందులో నాకు వింతేమీ కనబడలేదు. బ్యాంకులో గుమాస్తా ఉద్యోగం వచ్చినప్పుడు నేనూ లేచి చెప్పినదాన్నే.

మా నాన్న కరీంనగర్ వైపు నుంచి సూరత్‌కు మగ్గం నేయడానికి వచ్చాడు. బమ్రోలిలో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు, ఆ ఇంట్లోనే పోయాడు. తర్వాత అక్కడ అమ్మా తమ్ముడూ మిగిలారు. పెళ్ళయి తాపీ నది దాటి అడాజన్‌లో ఫ్లాటు కొనుక్కున్నదాన్ని నేను. హాలు కాస్త పెద్దది కావడంతో ఆదివారం సాయంత్రం కూడిక మా ఇంట్లోనే జరిగేది. మగ్గాల మీద పనిచేసేవాళ్ళు, రైల్వేవాళ్ళు, బ్యాంకువాళ్ళు, అంతా కలిపి పదిహేను ఇళ్ళుంటాయేమో. మాకు పాస్టరు లేడు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన పెద్దాయన ఒకరు వాక్యం చెప్పేవారు.

తమ్ముడు మగ్గాలు బాగుచేసే మెకానిక్. ముప్పై దాటినా పెళ్ళి చేసుకోలేదు. సంబంధాలు వెతికి వెతికి నా చెప్పులు అరిగాయి. "నా ఇష్టం అక్కా" అని నవ్వేవాడు. బాప్తిస్మం కూడా అంతే. అమ్మ ఏళ్ళ తరబడి ఏడ్చినా తీసుకోలేదు, ఎవరూ అడగని ఒక వారం తనంతట తనే వెళ్ళి పెద్దాయన ముందు నిలబడ్డాడు. వాడిది మొండితనం అని అమ్మ అనేది. పెద్దాయన మాత్రం, దేవుడికి కావాల్సింది అలాంటివాళ్ళేనమ్మా, తోస్తే వచ్చేవాళ్ళు కాదు అనేవారు. అప్పుడు ఆ మాట ఎంత బాగుండేదో.

కరోనా మొదటి ఏడాది మగ్గాలు ఆగిపోయి బమ్రోలి సగం ఖాళీ అయింది. కూడిక ఫోన్లలోకి మారింది. ఒకరు ప్రార్థన చేస్తుంటే ఇంకొకరింట్లో కుక్కరు కూసేది, మ్యూట్ చేయండి బాబూ అని పెద్దాయన అరిచేవారు. ఆ ఏడాది మావాళ్ళెవరికీ ఏమీ కాలేదు. దేవుడు కాపాడాడని ఫోన్లలోనే సాక్ష్యాలు చెప్పుకున్నాం. కాపాడాడని చెప్పడం తేలిక, ఎవరినీ పోగొట్టుకోనంతవరకు.

రెండో వేవ్‌లో తమ్ముడి కార్ఖానాలో మగ్గం నేసే ఒకతనికి జబ్బు ముదిరింది. మావైపు మనిషే, హిందువు, ఒంటరిగా గదిలో ఉండేవాడు. తోటివాళ్ళు ఊళ్ళకు పోయారు, ఇంటి యజమాని దగ్గరికి రానివ్వడం లేదు. అంబులెన్సు దొరకలేదు, ఆటోవాళ్ళు ఎక్కించుకోలేదు. తమ్ముడు వెళ్ళి అతన్ని తన బైకు మీద కూర్చోబెట్టుకున్నాడు. కూర్చునే ఓపిక లేక అతను పక్కకు వాలిపోతుంటే, మగ్గం మీది కోరాగుడ్డ ముక్కతో తన వీపుకు కట్టుకున్నాడు, తల్లులు పిల్లల్ని కట్టుకున్నట్టు. అలాగే ఆసుపత్రికి తీసుకెళ్ళి, మంచం దొరికేదాకా వరసలో పక్కనే ఉన్నాడు.

అతను బతికాడు. తమ్ముడు బతకలేదు.

మొహం చూపించలేదు. సమాధుల తోటలో ప్లాస్టిక్ సంచీలోనే దించేశారు. పిడికెడు మట్టి వేయడానికి అమ్మను రానివ్వలేదు, నన్నూ రానివ్వలేదు, మా ఆయన ఒక్కడే దూరం నుంచి చూసి వచ్చాడు. అమ్మను అడాజన్‌కు తెచ్చుకున్నాను. మాకూ జ్వరాలు వచ్చాయి గనక ఆ రోజుల్లో తలుపు తీయలేదు. మా కింది అంతస్తులో ఉండే మా కూడిక ఆవిడ రోజూ అన్నం క్యారేజీ గుమ్మం బయట పెట్టి బెల్లు కొట్టి వెళ్ళేది. ఆమె మేలు మరిచిపోతే నా కళ్ళు పోతాయి. అందుకే తర్వాత ఆమె మీద వచ్చిన కోపాన్ని ఎటు పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

కూడిక మళ్ళీ మొదలైన ఆదివారం, సాక్ష్యాల వేళ మొదట లేచింది ఆమే. "మా బిల్డింగులో అన్ని ఫ్లాట్లలోకీ వచ్చిందండీ ఆ రోగం. మా గడప మాత్రం తొక్కలేదు. మా గుమ్మం దగ్గర దేవుడే కాపలా ఉన్నాడు" అంది. అలవాటు చొప్పున అందరూ ఆమెన్ అన్నారు. నా నోటి నుంచి కూడా వచ్చేసింది. అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ గుమ్మం దగ్గర కాపలా ఉన్నవాడు బమ్రోలి గుమ్మం దగ్గర ఎందుకు లేడన్న ప్రశ్న ఆ హాల్లో అప్పటికి ఎవరికీ తట్టలేదు. తట్టాక ఎవరి మొహం ఎవరూ చూసుకోలేకపోయారు. పాపం ఆవిడ ఏడుస్తూ ఇంటికి వెళ్ళింది.

ఆ రోజు నుంచి అమ్మ ప్రార్థన మానేసింది. పొద్దున్నే లేచి మోకరించే మనిషి, కంచం ముందు కళ్ళు మూసుకోకుండా మెతుకు ముట్టని మనిషి, ఊరికే అన్నం కలుపుకుని తినేది. ఆదివారం కూడికకు జనం వస్తుంటే వంటింట్లోకి పోయి తలుపు వేసుకునేది. నా భయం ఒక్కటే. కొడుకు ఎలాగూ పోయాడు, దేవుడు కూడా పోతే ఇక ఈ మనిషికి మిగిలేదేముంది? నాకు కావలసింది పెద్ద సంగతేమీ కాదు, అమ్మ మళ్ళీ ఒక్కసారి కళ్ళు మూసుకుని ఆయనతో మాట్లాడటం. తిట్టినా సరే.

పెద్దాయన మాట అయితే వింటుందని ఒకరోజు ఆయన్ను పిలిపించాను. అప్పటికే వచ్చినవాళ్ళంతా దేవుని చిత్తం, దేవుని చిత్తం అని అమ్మ చెవులు చిల్లులు చేసి ఉన్నారు. ఆయన ఆ మాట అనలేదు, అందుకు సంతోషించాను.

"ఇది దేవుడు చేసిన పని అని నేననను చెల్లెమ్మా. ఆయన మనల్ని మగ్గాల్లా చేయలేదు. స్విచ్చి వేస్తే నేసి, తీస్తే ఆగేది మగ్గం. మనకు ఆయన స్వేచ్ఛ ఇచ్చాడు. స్వేచ్ఛ ఉన్నచోట చెడూ ఉంటుంది, మంచీ ఉంటుంది. మీవాడు మంచి కోరుకున్నాడు. వాణ్ణి ఆపితే ఆ మంచి కూడా ఉండేది కాదు."

నాకైతే గుండె కుదుటపడింది. ఇదే కదా జవాబు అనుకున్నాను. అమ్మ మాత్రం బియ్యం చేట పక్కన పెట్టి ఆయన వైపు చూసింది.

"మగ్గమే నయం అన్నా. ఒక్క పోగు తెగినా దానంతట అదే ఆగుతది. నా కొడుకే చెప్పేటోడు. నా కొడుకు తెగిపోయిండు, ఏది ఆగింది?"

అమ్మ చేట మళ్ళీ ఒళ్ళోకి లాక్కుంది.

"మనిషికి స్వేచ్ఛ ఇచ్చిండు, సరే. గా రోగానికి గూడ ఇచ్చిండా?"

పెద్దాయన "తెలియదు చెల్లెమ్మా" అన్నారు. ముప్పై ఏళ్ళుగా వాక్యం చెప్పిన మనిషి ఆ మాట అనగా నేను వినడం అదే మొదటిసారి. చాయ్ తాగకుండానే లేచి వెళ్ళారు.

నేను ఊరుకోలేదు. కౌంటరు దగ్గర కోపంగా వచ్చినవాళ్ళకు నచ్చజెప్పడమే కదా నా ఉద్యోగం. రోజుకో కారణం తెచ్చేదాన్ని. పరలోకం ఉందనేదాన్ని, అక్కడ వాణ్ణి చూస్తావనేదాన్ని. ఫోన్లో వినిపించే ప్రసంగాల నుంచి ముక్కలు ఏరి తెచ్చేదాన్ని. ఇప్పుడు తలచుకుంటే అయ్యో అనిపిస్తుంది. కడుపుకోతతో ఉన్నదానికి నేను పాఠాలు చెప్పాను. ఒకరోజు అమ్మ నా చెయ్యి పట్టుకుని, "నువ్వు చెప్పేదంత నిజమే గావచ్చు బిడ్డా. గని నా నోట్లెకెళ్ళి మాట వస్తలేదు. ఏం జెయ్యమంటవ్?" అంది. అప్పటి నుంచి పాఠాలు మానేశాను.

తమ్ముడు అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజు ఇంట్లో అసలు ఏం జరిగిందో అమ్మ ఎప్పుడూ చెప్పలేదు. తమ్ముడు చెప్పాపెట్టకుండా వెళ్ళి ఉంటాడని నా ఊహ. చెబితే అమ్మ వెళ్ళనిస్తుందా? అలాంటి పనులు వాడికి అలవాటే గనక నేను అడగనూ లేదు.

ఏడాది తిరిగి మరి కొన్ని నెలలు గడిచాక, ఒక ఆదివారం జనం చాపల మీద సర్దుకుంటుంటే అమ్మ వంటింట్లోకి పోలేదు. వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. నేనైతే అటు చూడటానికే భయపడ్డాను. సాక్ష్యాల వేళ అయింది. కింది అంతస్తు ఆవిడ ఆ మధ్య అసలు లేవడమే మానుకుంది. ఎవరూ లేవకపోవడంతో పెద్దాయన వాక్యానికి సిద్ధమవుతున్నారు. అమ్మ గోడ పట్టుకుని లేచింది. వందనాలు చెప్పలేదు.

"ఆనాడు పగటిపూట వానికి ఫోను వచ్చింది. గాయన పానం బాగలేదు, పోతనన్నడు. నేను ఇనుప జాలీ తలుపుకు తాళమేసిన. తాళంచెవి కొంగుకు ముడేసుకున్న."

పెద్దాయన తెరిచిన బైబిలు మూసి పక్కన పెట్టారు.

"వాడు లొల్లి జెయ్యలే. గుంజుకోలే. గుంజుకుంటే నాకు ఆపే బలముందా? తలుపుకాడ కూసున్నడు. నువ్వియ్యకుంటె నేను పోనమ్మా, గని గాయన సస్తే నాకు గీ ఇంట్ల బువ్వ దిగదు అన్నడు. గంతే. మల్ల మాట్లాడలే. నేను జూసిన, జూసిన. నేనే ముడి ఇప్పిన. నా చేతులతోనే ఇచ్చిన."

నా పక్కన మా ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఏడాదికి పైగా ఒకే ఇంట్లో ఉండి, ఒకే కంచంలోంచి పచ్చడి పంచుకుని తిని, ఇది నాకు తెలియదు.

"నువ్వు ఆపచ్చు గదా, ఎందుకు ఆపలేదని ఏడాది సంది నేను దేవునితోని కొట్లాడుతున్న. వాణ్ని ఆపుడు నాకు గూడ చాతనైతుండె. చాతనయ్యి గూడ ఇచ్చిన. ఎందుకిచ్చిన అంటే చెప్పరాదు నాకు. ఇంత పెద్ద కొడుకును బోనుల పెట్టినట్టు పెట్టుకోబుద్ధి గాలే. ఆయన గూడ గిట్లనే ఇచ్చిండేమో, నాకేం ఎరుక."

అమ్మ ఊపిరి తీసుకుంది. సాక్ష్యం ఇక్కడ అయిపోయిందని, దేవుణ్ణి క్షమించిందని, ఇప్పుడు స్తోత్రం చెప్పి కూర్చుంటుందని నేను అనుకున్నాను. నాలాగే అనుకున్న ఎవరో వెనక నుంచి ఆమెన్ అనబోయి ఆగారు.

"గని నేను ఇచ్చి, దినాం ఏడుస్తున్న. ఆయన ఏడుస్తుండా? గదొక్కటి ఎవరన్న జెప్పుండ్రి. ఏడుస్తుండంటే నేను ఆయనతోని మల్ల మాట్లాడుత."

ఆ హాల్లో ఉన్న అందరికీ తెలుసు, ప్రభువు ఒక స్నేహితుడి సమాధి దగ్గర ఏడ్చాడని. సండేస్కూలు పిల్లలకు కూడా వచ్చే సంగతి. అది నా నాలుక చివర ఉంది, పెద్దాయన పెదవుల మీద కూడా కదలడం చూశాను. ఎవరం చెప్పలేదు. ఆ కథలో ఆయన ఏడ్చిన తర్వాత చనిపోయినవాడు లేచి బయటికి నడిచి వచ్చాడు. అమ్మకు అది మాకంటే బాగా తెలుసు.

అమ్మ ఒక్కొక్కరి మొహం చూసింది. తర్వాత కూర్చుంది. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు, ఆ రోజు వాక్యం జరగలేదు.

అమ్మ ఇప్పటికీ ప్రార్థన చేయదు. కాని ఆదివారం వంటింట్లోకి పోవడం మానేసింది. అందరికంటే ముందే వచ్చి గోడవార కూర్చుంటుంది. ఎవరు సాక్ష్యానికి లేచినా తలెత్తి, ఆ మనిషి నోటి వైపే చూస్తుంది. వాళ్ళు ఉద్యోగం గురించో, ఆపరేషన్ గురించో చెప్పి కూర్చోగానే మళ్ళీ తల దించుకుంటుంది.