హాజరు పట్టీలో దీవెన

నేను రిటైరవడానికి రెండేళ్ళ ముందు సంగతి ఇది. అల్లవరం మండలంలో, సముద్రానికి మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక చిన్న ఊళ్ళో ప్రాథమిక పాఠశాలకు అప్పుడు హెడ్మాస్టరుని. మండలం మొత్తంలో నా అంతటి హెడ్మాస్టరు లేడని అందరూ అనేవారు. అందరూ అంటే, ఉన్నదున్నట్టు చెప్పాలి కదా, నేనూ, మధ్యాహ్న భోజనం వండే సూర్యకాంతమూ. అందులోనూ సూర్యకాంతం నా ఎదుట మాత్రమే అనేది.

నేను చేరిన కొత్తలో ఆ బడిలో రెండు వందల మంది పిల్లలు. సరే, నూట నలభై. రెండు వందలని చెప్పడం అలవాటైపోయింది. వరండా చాలక కొబ్బరిచెట్ల కింద కూర్చోబెట్టి పాఠాలు చెప్పేవాళ్ళం. ఊళ్ళో మగవాళ్ళలో సగం మంది దింపు కార్మికులు, అంటే చెట్టెక్కి కాయలు దించేవాళ్ళు. ఆడవాళ్ళు ఊడ్పులకు వెళ్ళేవారు. కాయ అంబాజీపేట కొబ్బరి మార్కెట్టుకు వెళ్ళేది. ఆ తర్వాత వరిచేలను రొయ్యల చెరువులుగా తవ్వారు. ఉప్పునీరు పక్క తోటల్లోకి ఊరింది. చెట్ల మొవ్వులు ఎండాయి, కాయ పిడికిలంత అయింది, బోరు నీళ్ళతో పప్పు ఉడకడం మానేసింది. ఊరంతా కలిసి ఊడ్చే చేలున్న చోట చెరువుకొక కాపలా మనిషి చాలు. ఆడవాళ్ళు కువైట్‌లో ఇళ్ళ పనికి వెళ్ళారు. మగవాళ్ళు హైదరాబాదులో తాపీ పనికి వెళ్ళారు. పిల్లలు ఎవరు తీసుకెళితే వాళ్ళ వెంట వెళ్ళారు.

ఊరు ఖాళీ అవడం పంచాయతీ కన్నా ముందు హెడ్మాస్టరుకు తెలుస్తుంది. పొద్దున్న పేరు పిలుస్తాం. ఒకనాడు ఎవరూ పలకరు.

మా ఉద్యోగంలో రోలు అని ఒక మాట ఉంది. హాజరు పట్టీలో ఎన్ని పేర్లున్నాయో అది రోలు. ఇరవై కన్నా తగ్గితే బడిని పక్క ఊరి బడిలో కలిపేస్తారని ఆ ఏడు గట్టిగా వినబడుతోంది. పక్క ఊరు వెళ్ళాలంటే మురుగుకాలవ దాటాలి, చెరువులకు మేత తోలే లారీల రోడ్డు దాటాలి. ఒకటో తరగతి పిల్లలు దాటే రోడ్డు కాదది. అందుకని మా రోలు సరిగ్గా ఇరవై దగ్గర నిలబెట్టాను. చాప మీద కూర్చునేవాళ్ళు పదకొండు మంది. మిగిలిన తొమ్మిది మందీ ఊరు విడిచి వెళ్ళిపోయినవాళ్ళు. రోజూ వాళ్ళకు నేనే హాజరు వేసేవాణ్ణి, నమ్మకం కలగడానికి నడుమ నడుమ ఒకళ్ళకు జ్వరం కూడా తెప్పించేవాణ్ణి.

ఒకసారి తనిఖీకి ఒక ఆఫీసరు గారు వచ్చారు. తొమ్మిది మందికీ ఆటలమ్మ పోసిందని కళ్ళార్పకుండా చెప్పాను. ఆయన నోరెత్తలేక వెళ్ళిపోయారని చాలా మందికి చెప్పాను. నిజానికి ఆయన టీ తాగి, గ్లాసు కింద పెట్టి, "మీ ఊళ్ళో ఆటలమ్మ భలే పద్ధతైనదండీ మాస్టారూ. లేని పిల్లలకే పోస్తోంది" అన్నారు. రిపోర్టులో మాత్రం ఏమీ రాయలేదు. ఆయనకూ మురుగుకాలవ కనబడే ఉంటుంది. ఆయన వెళ్ళాక ఆ తొమ్మిది మందికీ హాజరు వేసేశాను.

ఆ తొమ్మిది మందిలో ఒకతె దీవెన. వాళ్ళ నాన్న రత్నరాజు రోజుకు వంద చెట్లెక్కేవాడు. యాభై అనుకోండి. తోటలు పోయాక ఎక్కడానికి చెట్టు లేక, కాట్రేనికోన వైపు చెరువుల కాపలాకు కుదిరాడు. తల్లి అప్పటికే కువైట్‌లో ఉంది. పిల్లను ఎవరి దగ్గరా వదల్లేక, నాలుగో తరగతి నడుమలో తనతోపాటు చెరువుగట్టు మీది పాకలోకి తీసుకుపోయాడు. దీవెన ఎక్కాలు చివరి నుంచి మొదటికి చెప్పేది. పంతొమ్మిదో ఎక్కం అలా చెప్పమంటే నేను చెప్పలేను. అలాంటి పిల్లకు జ్వరం తెప్పించడానికి నాకు చెయ్యి రాలేదు.

జూన్‌లో బడి తెరిచిన వారానికి రత్నరాజు బస్సు దిగి పరుగులాంటి నడకతో వచ్చాడు.

"మాస్టారండీ, మా పిల్లకి గురుకులంలో సీటొచ్చిందండి! చర్చి పాస్టరమ్మగారు పరీక్ష రాయించేరండి. హాస్టలంటండి, తిండీ చదువూ అన్నీ ఆళ్ళే చూసుకుంటారంటండి."

"నేను చెప్పిన పాఠం రత్నరాజూ, ఊరికే పోతుందా?" అన్నాను.

"ఆయ్, మీ దయేనండి. గట్టు మీద ఆడపిల్లనెట్టుకుని నాకు నిద్దరుండట్లేదండి. చుట్టూ మగోళ్ళే. మీరు టీసీ ఇచ్చి, కంప్యూటర్లో పేరొదిలేస్తే చేర్చేసుకుంటామన్నారండి. శనివారం ఆఖరంటండి."

ఇక్కడ కొంచెం చెప్పాలి. టీసీ అంటే బడి మారే కాగితం అని అందరికీ తెలుసు. ఇప్పుడు కాగితం ఒక్కటే చాలదు. పాత హెడ్మాస్టరు ఆన్‌లైన్‌లో పిల్ల పేరును డ్రాప్‌బాక్స్ అనే చోట వదలాలి. కొత్త బడివాళ్ళు అక్కడి నుంచి తీసుకోవాలి. పాతవాడు వదలకపోతే కొత్తవాళ్ళు చేర్చుకోలేరు. రెండు నిమిషాల పని. కానీ మా రోలు లెక్క సోమవారం సాయంత్రం తీసుకుంటారని రత్నరాజు రావడానికి ముందురోజే కబురొచ్చింది. దీవెనను వదిలితే పంతొమ్మిది.

"సర్వరు పనిచెయ్యట్లేదు రత్నరాజూ. రెండ్రోజుల్లో అయిపోతుంది, నువ్వు దిగులుపడకు" అన్నాను.

సర్వరు శుభ్రంగా పనిచేస్తోంది. పావుగంట ముందే అందులో దీవెనకు హాజరు వేశాను.

అతను దణ్ణం పెట్టి వెళ్ళాడు. వంటగది గుమ్మంలో సూర్యకాంతం గరిటె పట్టుకుని నిలబడి ఉంది.

"ఆ పిల్ల పేరొదిలెయ్యండి మాస్టారండీ."

"వదిలితే బడి పోతుంది. బడి పోతే నీ వంట పని పోతుంది, తెలుసా?"

"పోతే పోనివ్వండి. ఎక్కడో చోట వండుకుంటాను. నన్నడ్డం పెట్టుకుని ఆ పిల్లని ఆపకండి."

"శనివారమంటే శనివారమే అవుతుందా? సోమవారం రాత్రికి వదిలేస్తాను. ప్రిన్సిపాల్ గారికి నేను చెబుతాను."

"మీకు ఆవిడ తెలుసాండి?"

"మండలంలో నన్ను తెలియనివాళ్ళెవరు?"

ఆవిడ పేరు కూడా నాకు తెలియదు. ఫోనూ చేయలేదు. నలభై ఏళ్ళుగా గవర్నమెంటు గడువులు పొడిగిస్తూనే ఉండగా చూశాను. ముప్పై నాలుగేళ్ళే లెండి. ఇదీ పొడిగిస్తారనుకున్నాను.

శుక్రవారం రత్నరాజు ఫోన్ చేశాడు. సర్వరన్నాను. శనివారం పొద్దున్న చేశాడు. సర్వరన్నాను. మధ్యాహ్నం మోగిన ఫోనును హాజరు పట్టీ కింద పెట్టాను. అది పట్టీ కింద వణికి వణికి ఆగిపోయింది.

సోమవారం లెక్క తీసుకున్నారు. ఇరవై. బడి నిలబడింది. ఆరింటికి దీవెన పేరు వదిలాను. ముత్యాల్లాంటి దస్తూరీతో టీసీ రాశాను. మర్నాడు రత్నరాజు వచ్చి దాన్ని తీసుకుని గురుకులానికి వెళ్ళాడు. సాయంత్రం మళ్ళీ మా బడికే వచ్చాడు.

"లిస్టులో తర్వాత పిల్లకిచ్చేసేరంటండి. ఆళ్ళ నాన్న శనివారమే కాగితాలట్టుకొచ్చేడంట."

నేను ఏదో అనబోయాను.

"ఆ పిల్లా చదువుకోవాలి కదండీ" అని అతనే అన్నాడు. టీసీని మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. "సర్వరు మీ చేతిలో ఉంటదాండి?" అంటూ నన్నే ఓదార్చాడు.

మూడు నెలల తర్వాత వాళ్ళ పాక వెతుక్కుంటూ వెళ్ళాను. ఏదో ఒక బడిలో వేసే ఉంటాడులే అనుకుంటూ వెళ్ళాను. దగ్గర్లో బడి లేదు. పాకలో ఒంటరిగా వదిలెయ్యలేక రత్నరాజు పిల్లను రొయ్యలు ఒలిచే షెడ్డుకు, తెలిసినవాళ్ళ వెంట పంపుతున్నాడు. నేను వెళ్ళేసరికి ఆడవాళ్ళ వరుసలో కూర్చుని ఉంది. ఐసు నీళ్ళకు వేళ్ళు తెల్లగా నాని, చివర్లు పగిలి ఉన్నాయి. నన్ను చూసి లేచి, అలవాటు కొద్దీ చేతులు కట్టుకుంది.

"బాగున్నావా అమ్మా?"

"ఆయ్, బాగున్నానండి. మాస్టారండీ, ఒక మాటడగనాండి?"

"అడుగు."

"నాన్నతో గురుకులానికెళ్ళినప్పుడు కంప్యూటరుకాడ కూర్చునే మేడంగారు నాకు చెప్పేరండి. నేను ఈడ గట్టు మీదున్నన్నాళ్ళూ, మీ బడిలో రోజూ వచ్చినట్టే ఉందంటండి. నిజమేనాండి?"

అబద్ధం నాలుక చివర సిద్ధంగా ఉంది. నోటిదాకా వచ్చిన అబద్ధాన్ని వదులుకోవడం నా జీవితంలో అదే మొదటిసారి.

"నిజమే" అన్నాను.

ఆ పిల్లకు కోపం రాలేదు. తన గురించి ఏదో కొత్త కబురు విన్నట్టు ముఖం పెట్టింది.

"అయితే మాస్టారండీ, ఆ రోజుల్లో నేనేం పాఠాలు చదివేనండి?"

వెనక నుంచి ఎవరో పిలిచారు. వెళ్ళి వరుసలో కూర్చుని మళ్ళీ రొయ్య అందుకుంది.

మరుసటి ఏడు మా బడిని కలిపేశారు. చాప మీద ఎనిమిది మందే మిగిలారు, ఇక ఏ ఆటలమ్మా ఆదుకోలేదు. మిగిలిన పిల్లలు ఆటోలో పక్క ఊరు వెళుతున్నారు. ఆ ఆటో కోసం నేను జిల్లా అంతా తిరిగి పోరాడానని చెప్పుకుంటుంటాను. సూర్యకాంతం వాళ్ళ తమ్ముడి ఆటో అది. మాట్లాడిందీ ఆవిడే.

చాలా కాలం ఈ కథలో తప్పంతా కంప్యూటరుదేనని చెప్పాను. విన్నవాళ్ళు కంప్యూటరును తిట్టారు, నాకు టీ ఇప్పించారు. పదకొండు మంది పసివాళ్ళ కోసం చేశానని కూడా చెప్పాను. అది సగం నిజం. మిగతా సగం, నా చేతిలో బడి మూతపడిందనిపించుకోకుండా దండ వేయించుకుని దిగిపోదామని.

నాకు అర్థమైంది ఒకటే. ఆ ఊళ్ళో మనుషులు ఉండలేక పోతున్నారని పైవాళ్ళకు చెప్పగల కాగితం నా దగ్గర ఒక్కటే ఉండేది. తోట ఎండినా, బోరు ఉప్పెక్కినా, తల్లి విమానం ఎక్కినా, చివరికి ఆ పట్టీలో ఒక పేరు పలకకుండా పోయేది. ఆ ఖాళీలన్నీ నేను చేత్తో పూడ్చాను. మా పట్టీ ప్రకారం ఊరు నిండుగా ఉంది, పిల్లలు రోజూ బడికొస్తున్నారు, ఎవరికీ ఏ కష్టమూ లేదు.

ఆ పాత పట్టీ నేను దిగిపోయేనాటికి మూసిన బడి బీరువాలోనే ఉంది. అందులో దీవెన ఒక్కరోజు కూడా బడి మానలేదు.