తణికాచలానికి తెలియని పళ్ళ చక్రం

పెళ్లిపత్రికల మీద వినాయకుణ్ణి గీయడంలో తణికాచలాన్ని మించినవాడు తిరుత్తణి చుట్టుపక్కల లేడని ఒకప్పుడు ప్రతీతి. దాన్ని పుట్టించింది ఆయనే గానీ, ఎవరూ ఖండించలేదు. తిరువళ్లూరులో ఆయనకు ఆర్టు స్టూడియో ఉండేది. పత్రికలు, తిరునాళ్ల నోటీసులు, మిఠాయి అట్టపెట్టెలు, అన్నీ చేత్తో గీసి, అక్షరాలు కత్తిరించి అంటించి ప్రెస్సుకు పంపేవాడు. కంప్యూటర్లు వచ్చాక స్టూడియో మూసేసి, పనిముట్లను రేకుపెట్టెలో సర్దుకుని తిరుత్తణి ఇల్లు చేరాడు. ఏటా ఆయుధపూజకు ఆ పెట్టె తెరుచుకుంటుంది. పనిముట్లను తుడిచి, గంధం, కుంకుమ పెట్టి, మళ్లీ మూసేస్తారు. రిటైరైన సేనాపతులకు కూడా ఇంతకన్నా మర్యాద జరగదు.

ఈ ఏడు పూజ ముందు భార్య కస్తూరమ్మ తన చెల్లెల్ని చూడ్డానికి ఆరంబాక్కం వెళ్లింది. పెట్టె తుడిచే పని మనవరాలు ప్రీతిక మీద పడింది. డిజైను కోర్సు చదువుతున్న పిల్ల. లాప్‌టాప్ తప్ప వేరే పనిముట్టు ఎరగదు. రెండు మొనల మధ్య చిన్న మర ఉన్న కలం బయటికి తీసింది.

"ఇది ముల్లు తీసేదా తాతా?"

"గీతలు గీసే కలం. మర తిప్పితే గీత సన్నమవుతుంది, లావవుతుంది."

తర్వాత ఒకదాని మీద ఒకటి తిరిగే అంకెల చక్రాలు వచ్చాయి.

"ఇది నాకు తెలుసు. జాతకం చూసేది."

"బొమ్మను ఎంత తగ్గించాలో లెక్క చెప్పేది. దాంట్లో నీ జాతకం చూస్తే నువ్వు సగానికి సగం తగ్గిపోతావు."

"మంచిదే కదా. జిమ్ముకు పోయే పని లేదు."

తణికాచలం ఈజీచైరులో కూర్చుని హైకోర్టు జడ్జీలాగా తీర్పులిస్తున్నాడు. అంతలో ప్రీతిక పెట్టె అడుగు నుంచి ఇంకొకటి తీసింది. ఇత్తడి పిడి, దాని చివర గిర్రున తిరిగే చిన్న పళ్ళ చక్రం.

"ఇదేంది తాతా?"

ఆయన చేతిలోకి తీసుకున్నాడు. తిప్పి చూశాడు. కాగితం మీద దొర్లిస్తే వంకరటింకర గాట్లు పడ్డాయి. ఏమీ గుర్తుకు రాలేదు.

"నువ్వే చెప్పు," అన్నాడు గురువుగారి గొంతుతో.

"రసీదు చించేదానికి చుక్కల గీత పెట్టేదా?"

"ఊఁ."

"లేకుంటే పత్రిక అంచుకు జరీ డిజైనా?"

"అదీ అనుకోవచ్చు."

"రెండిట్లో ఏది తాతా?"

"ముందు తుడువు. రేపు చెప్తా."

ఆ పూట ఆయనకు అన్నం సయించలేదు. కారణముంది. ఆయన అన్న చివరి రోజుల్లో కన్నకొడుకును కరెంటు మీటరు చూడవచ్చినవాడనుకుని, కాఫీ ఇచ్చి సాగనంపాడు. ఆ జబ్బు కూడా ఇలాగే, చేతిలో ఉన్న వస్తువు ఏమిటో తెలియకపోవడంతో మొదలైంది. జన్మంతా పట్టుకున్న పనిముట్టే తెలియకపోతే, రేపు ప్రీతిక ఎవరో తెలుస్తుందా? చివరికి మద్రాసులో ఉన్న అల్లుడు రాజ్‌మోహన్‌కు ఫోను చేశాడు.

"మతిమరుపు చూసే డాక్టరు ఎవరన్నా ఉంటే కనుక్కోప్పా. నాకు కాదు, ఒక స్నేహితుడికి."

మర్నాడు పొద్దున కస్తూరమ్మ ఊరినుంచి దిగింది. పూజగదిలో కలాలు, స్కేళ్లు, కత్తిపీట, గరిటెలు, ప్రీతిక లాప్‌టాప్, అందరికీ సమానంగా గంధం బొట్టు. వంటింటి ఆయుధాలూ స్టూడియో ఆయుధాలూ ఒకే పీట మీద కూర్చోవడం ఆ ఇంటి ఆనవాయితీ. కస్తూరమ్మ చెయ్యి సరాసరి పళ్ళ చక్రం మీదికి పోయింది.

"ఇది యాడ దొరికింది?"

"తాత పెట్టెలో అవ్వా. స్టూడియోది."

"స్టూడియోదా? నా సోమాసి చక్రం ఇది. కజ్జికాయల అంచులు కత్తిరించేది. పోయినేడు పూజ అయినాక మీ తాత అన్నిట్నీ ఊడ్చి పెట్టెలో వేసుకున్నట్టున్నాడు. నేను దీపావళికి ఇల్లంతా వెతికి, మా వదినే ఎత్తుకుపోయిందని ఆమెతో మాటలు కూడా మానేసినాను."

తణికాచలం కుర్చీలోంచి లేచాడు. "అయితే దీన్ని నేను ఎప్పుడూ వాడలేదా?"

"మీరా? వంటింట్లో మంచినీళ్ల చెంబు తప్ప ఇంకేమన్నా ముట్టుకున్నారా ఈ జన్మలో?"

పెళ్లయిన నాటి నుంచి ఇంత కమ్మని నింద ఆయన వినలేదు. ఇంకోసారి అనమని అడగాలనిపించింది. మరిచిపోవాలంటే ముందు తెలిసి ఉండాలి కదా. వదినకు ఏ ముఖంతో ఫోను చేయాలా అని కస్తూరమ్మ తలపట్టుకుని కూర్చుంటే, ఆయన హారతి కళ్లకద్దుకుని, ఇడ్లీలు అడిగి మరీ మళ్లీ వేయించుకున్నాడు.

మధ్యాహ్నం రాజ్‌మోహన్ ఫోను చేశాడు. "మామా, డాక్టరు దొరికినాడు. గురువారం మీ స్నేహితుణ్ణి పిలుచుకొని రాండి."

"వద్దులేప్పా. వాడికి నయమైపోయింది."

"అంతలోనేనా? ఏం మందు వాడినారు?"

"మందేం లేదు. వాళ్ళింటావిడ ఊరినుంచి వచ్చింది."