వెండి నెమలి తుపాకి

దోహాలో స్టేడియాలు లేస్తున్న రోజులవి. నేను ఒక సైటులో టైమ్‌కీపర్‌ని. డ్యూటీ దిగి క్యాంప్‌కు వెళ్తుంటే, అల్ ఘర్రాఫాలో వేట సామాన్ల దుకాణం ముందు బస్సు ఆగిపోయింది. అద్దం వెనుక రెండు సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లు కనిపించాయి. ఎక్కగానే తనది జగిత్యాల అని చెప్పి నా పక్కన కూర్చున్న, యాభై దాటిన మేస్త్రీ వాటినే చూస్తున్నాడు. అతన్ని అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు.

"ఎడమదిక్కుది అల్కగుంటది సారూ, గని దుమ్ము పడితే పట్టేస్తది. కుడిదిక్కుది బరువు, గని మొరాయించది."

"నీకెట్ల ఎరుక?"

"అన్నలతోని అడవిల తిరిగిన్నాడు రెండూ మోసిన. సరెండరై ఇటొచ్చిన." అలసటగా నవ్వాడు. "అన్నిట్ల సక్కనిది ఓ దొర గడీల గుంజుకచ్చినం. కట్టె మీద వెండి నెమలుండె."

నేను అతని వైపు తిరిగాను. అది మా గడీ నుంచి నక్సలైట్లు ఎత్తుకుపోయిన మా తాతగారి తుపాకి. దానితో ఆయన పదకొండు చిరుతలను కొట్టారని చెప్పుకుంటూనే, భూములన్నీ పోయినా మేం తలెత్తుకు తిరిగాం. క్యాంప్‌లో నేనూ ఆ కథ ఎన్నోసార్లు చెప్పాను.

"గురి మంచిగుండెనా?" అని అడిగాను.

"మస్తుండె. గని మేం తెచ్చిన్నాడు గొట్టంల కంపెనీ గ్రీజు అట్లనే ఉన్నది సారూ. దాంతోని అప్పటిదాకా ఒక్క గుండు గూడ పేల్చలే. మేమే మొదలు."

బస్సు కదిలింది.

"మీదే ఊరు సారూ?"

మాది కాని, పక్క జిల్లాలో ఒక ఊరి పేరు చెప్పాను.

ఆ తర్వాత క్యాంప్‌లో ఎవరైనా చిరుతల కథ చెప్పమంటే, అలసిపోయానని చెప్పేవాణ్ణి. అది మాత్రం అబద్ధం కాదు.