ఇద్దరు చంద్రకళలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో చంద్రకళలు ఇద్దరు. ఒకరు నేను. రెండోది దేవుడి గది గోడకు రెండు మేకుల మీద ఆనించి ఉన్న కత్తి.

తిరువూరులో మా ఇల్లు తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ లేదు. ఆ కత్తి మా తాతయ్య గారి ముత్తాత కాలం నుంచి ఉంది. తదియనాటి చంద్రుడిలా వంపుగా ఉండేది. ఇంటికి తెచ్చిన రోజే దానికి బారసాల చేశారట. పళ్లెంలో బియ్యం పోసి, ఉంగరంతో పేరు రాసి, పసిబిడ్డకు చెప్పినట్టే దానికీ మూడుసార్లు పేరు చెప్పారట. ఆ తర్వాత దానితో ఎవరినైనా కొట్టినట్టు మా ఇంట్లో కథ కూడా లేదు. దసరాకు తుడిచి, బొట్టు పెట్టి, పేరు పెట్టి పిలిచి మళ్లీ గోడకు పెట్టేవారు. రెండు తరాలుగా ఆడపిల్ల లేని ఇంట్లో నేను పుడితే తాతయ్య ఆ పేరే నాకూ పెట్టారు. కలిసిపోకుండా దాన్ని పెద్ద చంద్రకళ అనీ, నన్ను చిన్న చంద్రకళ అనీ అనేవారు.

నేను మూడో తరగతిలో ఉన్న ఏడాది చుట్టుపక్కల ఊళ్లలో కొట్లాటలు జరిగాయి. ఇళ్లలో కత్తులు, బల్లేలు ఉంటే స్టేషన్లో అప్పగించాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మా తాతయ్య అప్పుడు ఊరి మునసబు. దండోరా వేయించింది ఆయనే. నాలుగు రోజులు వీధి వీధీ తిరిగి, అప్పగించనివాళ్లకు నచ్చజెప్పిందీ ఆయనే. ఐదో రోజు మధ్యాహ్నం భోజనం దగ్గర కూర్చుని, కంచం వైపు చూస్తూ, "రేపు చంద్రకళను స్టేషన్లో అప్పగించి రావాలి" అన్నారు.

పెద్ద అనే మాట ఆయన నోటికి రాలేదు. పక్క గదిలో పలక తుడుచుకుంటున్న నాకు అది వినబడింది.

"ఎందుకు నాన్నా, గడ్డివాములో పెట్టేస్తే ఎవడికి తెలుస్తుంది?" అన్నాడు బాబాయి.

"నాకు తెలుస్తుందిగా."

"మీకు తెలిస్తే ఏమైంది? మీరేమన్నా పోలీసా?"

"వాళ్లకన్నా ముందు ఊరికి చెప్పినవాణ్ణిరా నేను. నిన్న ఒక ముసలమ్మ ఇంట్లోంచి బల్లెం పట్టుకెళ్తుంటే ఆవిడ నన్నేమీ అనలేదు. ఊరికే చూసింది. ఇంక తినండి."

ఆయన మాత్రం తినలేదు. నాయనమ్మ మజ్జిగ గిన్నె పట్టుకుని అలాగే నిలబడింది. మా ఇంట్లో తాతయ్య మాటకు ఎదురుండదు, ఆ రోజు తాతయ్య కూడా తన మాటకు తాను ఎదురు చెప్పలేకపోయారు. ఇది ఇప్పుడు రాస్తున్న మాట. అప్పుడు నాకు అర్థమైంది ఒక్కటే, నన్ను పోలీసులకు ఇచ్చేస్తున్నారని. ఏం తప్పు చేశానా అని వెతుక్కున్నాను. రెండు మూడు దొరికాయి కూడా. బాబాయి చెప్పిన చోటు బాగుందనిపించి, పెరటి దారిన వెళ్లి గడ్డివాములోకి దూరాను.

నన్ను వెతికి పట్టుకున్నది తాతయ్యే. పొద్దు వాలకముందే, జడలో గడ్డితో, ఏడ్చి ఏడ్చి ఎక్కిళ్లు పడుతున్న నన్ను చూసి ఏమైందని అడిగారు. చెప్పాను. ఎవరైనా నవ్వే విషయమే. బాబాయి తర్వాత ఏళ్ల తరబడి నవ్వాడు. తాతయ్య నవ్వలేదు. అక్కడే గడ్డి మీద చతికిలబడి, నా జడలో గడ్డిపోచలు ఒక్కొక్కటే తీశారు. "నిన్ను కాదమ్మా" అన్నారు చివరికి. ఇంకో గడ్డిపోచ తీసి, "పేరును కూడా కాదు" అన్నారు.

మర్నాడు పొద్దున నాయనమ్మ ఇత్తడి పళ్లెంలో బియ్యం పోసి తెచ్చింది. తాతయ్య కత్తిని దించి పళ్లెం పక్కన పెట్టి, వేలి ఉంగరం తీసి, బియ్యంలో మా పేరు రాశారు. బారసాలలో ఇచ్చిన పేరును వెనక్కి తీసుకోవడం ఎలాగో ఏ శాస్త్రంలోనూ లేదనుకుంటాను. ఆ ఉదయం ఆయనే కల్పించుకుని ఉంటారు. కత్తి మీదికి వంగి ఏదో చెప్పారు, నాకు వినబడలేదు. తర్వాత నాయనమ్మ ఆ బియ్యాన్ని ఒక్క గింజ కింద పడకుండా ఎత్తి, కడిగి, అన్నం వండింది. అందరం తిన్నాం. బాబాయి కూడా తిన్నాడు.

"ఇప్పుడది ఉత్త ఇనుము. పేరు మన దగ్గరే ఉంది. అక్కడ ఎవరికీ చెప్పకూడదు" అని నాతో అన్నారు తాతయ్య. నేను వెంట వస్తానంటే కాదనలేదు.

పాత పంచెలో చుట్టిన కత్తిని పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీదా పెట్టుకుని నడిచారు. స్టేషన్ వరండాలో కత్తులు, బల్లేలు, గొడ్డళ్లు కుప్పగా పడి ఉన్నాయి. హెడ్ కానిస్టేబుల్ గారు, అందరూ పిలిచే హెడ్డు గారు, కుర్చీలోంచి లేచి, "మీరెందుకండీ మోసుకొచ్చారు మునసబు గారూ, కబురు పెడితే మనిషిని పంపేవాణ్ణిగా" అన్నారు. మర్యాదస్తుడే. ఎవరి మీదైనా కోపం తెచ్చుకుందామన్నా అక్కడ మాకు ఎవరూ దొరకలేదు.

పిడికి దారంతో అట్టముక్క కట్టారు. దాని మీద ఒక నంబరు. తాతయ్య కత్తిని కుప్ప మీద పెట్టారు. వంపు వల్ల అది జారి ఆయన పాదాల దగ్గర పడింది. మళ్లీ పెట్టారు, మళ్లీ జారింది. మూడోసారి పెట్టి, పిడి మీద చెయ్యి అలాగే ఉంచారు. ఎంతసేపని ఉంచుతారు. తీసేశారు.

హెడ్డు గారు నా వైపు వంగి, "నీ పేరేంటమ్మా?" అన్నారు.

నేను పెదవులు బిగించుకున్నాను. చెబితే పేరు కూడా ఆ కుప్పలోకి పోతుంది. చెప్పకపోతే పెద్దాయన అడిగితే పలకని పిల్లనవుతాను. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మాట రాదా? లేక అసలు పేరే లేదా, ఈ కత్తికి లాగా?"

తాతయ్య నా తల మీద చెయ్యి వేశారు. "ఉందండీ. ఇంటి దగ్గర పెట్టొచ్చింది" అన్నారు.

హెడ్డు గారు పెద్దగా నవ్వారు. తాతయ్య కూడా నవ్వారేమో అని తలెత్తి చూశాను. లేదు.

దారిలో, అది మళ్లీ వస్తుందా అని అడిగాను. "వస్తుందంటున్నారమ్మా" అన్నారు. ఇంటి గుమ్మం ఎక్కగానే ఆగి, గట్టిగా "చంద్రకళా" అని పిలిచారు. పక్కనే నిలబడి ఉన్న నేను ఆయ్ అన్నాను.

కత్తి తిరిగి రాలేదు. తాతయ్య రెండేళ్లు అడుగుతూనే ఉన్నారు. ఎక్కడికో పంపేశారన్నారు. ఎక్కడికో తెలిసినవాళ్లు బదిలీ అయ్యారన్నారు. ఆ తర్వాత అడగడం మానేశారు. దసరాకు గోడ మీది రెండు మేకులకు బొట్టు పెట్టి, నన్ను పిలిచి నాకూ పెట్టేవారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో నన్ను చిన్న చంద్రకళ అని ఎవరూ అనలేదు.

ఆ రోజే నా మొదటి డైరీ మొదలైంది. తాతయ్య వాడక మిగిలిన పాత నోటుపుస్తకంలో, ళ కు బదులు ల పెట్టి, 'చంద్రకలను ఇచ్చేశారు' అని రాసుకున్నాను. ఇన్నేళ్ల డైరీలను వరసగా సర్దుకున్న బీరువాలో అది అన్నిటికన్నా ముందుంది. ఆ తప్పు దిద్దాలని ఎప్పుడూ అనిపించలేదు.

ఇప్పటికీ బ్యాంకులోనో, ఆసుపత్రిలోనో కౌంటర్ వెనకనుంచి ఎవరైనా "పేరండీ?" అంటే వెంటనే చెప్పలేను. ఒక్క క్షణం ఆగుతాను. వినబడలేదనుకుని వాళ్లు మళ్లీ అడుగుతారు. ఆ క్షణంలో నేను, వంటింట్లో ఉడుకుతున్న ఆ అన్నం వాసన దగ్గరికి వెళ్లి, పేరు తీసుకుని వస్తాను.