కోచ్ గారి తువ్వాల

కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు కెప్టెన్‌గా చేశానని ఇప్పటికీ ఎవరూ అడక్కపోయినా చెప్తాను. ఎన్ని మ్యాచ్‌లు గెలిచామో మాత్రం అడిగినా చెప్పను. ఆ సర్టిఫికెట్ పుణ్యాన ఎనభైల్లో పటాన్‌చెరులో ఒక పంపుల ఫ్యాక్టరీ టైమాఫీసులో గుమాస్తానయ్యాను. పొద్దున హాజరు కార్డులు సర్దాలి, సాయంత్రం కంపెనీ తరఫున ఆడాలి. నాలుగేళ్లలో పొట్ట ముందుకొచ్చింది, పరుగు వెనకబడింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మోకాలు పోయిందని ఊరంతా చెప్పుకున్నాను. పాపం మోకాలు పోయినవాడు ఇంకేం చేస్తాడని నన్ను కోచ్‌ని చేశారు.

కోచ్‌గా నాకు మొదటి పాఠం చెప్పింది మా జనరల్ మేనేజరు గారే. ఏటా వార్షికోత్సవానికి ఆఫీసర్లకూ కార్మికులకూ మ్యాచ్ ఉండేది. ఆయన సెంటర్ ఫార్వర్డ్. బంతి తనంతట తాను ఆయన కాళ్ల దగ్గరికి రావాలి, ఆయన తన్నింది గోల్ కావాలి. ఈ మాట ఆయన ఎప్పుడూ నోటితో అనలేదు. తొలి ఏడాది గోల్ పడలేదు, ఆ ఏడాది మా జట్టుకు బూట్లు రాలేదు. అంతే, నాకు అర్థమైంది.

మా గోల్‌కీపరుది గుమ్మడిదల దగ్గర పల్లె. ఇద్దరు పిల్లల తండ్రి, లోడింగులో కాంట్రాక్టు కూలీ. బంతి అతని చేతికి చిక్కితే జారడమన్నది లేదు. అలాంటివాడికి గోల్ వదలడం నేర్పాల్సి వచ్చింది నాకు. చివరికి ఒక సైగ పెట్టుకున్నాం. నేను తువ్వాలతో మొహం తుడుచుకుంటే, బంతి ఎటొస్తే దానికి అవతలి పక్కకి దూకాలి. ఉత్తినే పడితే చాలదు, దుమ్ము లేవాలి. రెండేళ్లలో అతను ఎంత ఆరితేరాడంటే, జీఎం గారు తన షాట్‌లో ఏదో మహత్తు ఉందని నమ్మడం మొదలుపెట్టారు. జట్టుకు బూట్లొచ్చాయి.

ఆ వేసవిలో సంగారెడ్డిలో ఫ్యాక్టరీల టోర్నమెంటు పెట్టారు, మేం ఫైనల్‌కి వచ్చాం. కప్పు తెస్తే గోల్‌కీపర్ని పర్మనెంటు చేస్తానని జీఎం గారు అందరి ముందూ మాటిచ్చారు. పర్మనెంటంటే, కాంట్రాక్టరు వేలు చూపించి పిలిచేదాకా రోజూ గేటు బయట నిలబడక్కర్లేదు. డ్రా అయితే కప్పు చెరి ఆర్నెల్లు. ఆర్నెల్ల కప్పయినా కప్పేనని ఆయన్ని నేనే ఒప్పించాను.

ఆట ముగిసేదాకా ఒక్క గోల్ పడలేదు, అతను పడనివ్వలేదు. ఆఖరి నిమిషంలో అవతలివాళ్లకు పెనాల్టీ ఇచ్చారు. ఎండ మాడిపోతోంది. కళ్లలోకి చెమట కారుతోంది. భుజం మీది తువ్వాల తీసి మొహం తుడుచుకున్నాను.

అతను నా వైపు చూశాడు. బంతి నెమ్మదిగా కుడి పక్కకి వచ్చింది. అతను ఎడమ పక్కకి దూకాడు. దుమ్ము బాగా లేచింది.

ఏమైందని జీఎం గారు నన్ను అడిగారు. అతను పక్కనే నిలబడ్డాడు. నిజం చెప్తే సైగ సంగతి బయటపడుతుంది, ఆయన గోల్స్ అన్నీ ఎవరివో తేలిపోతుంది. పెద్ద మ్యాచ్ కదా, భయపడ్డాడు సార్ అన్నాను. అతను తల దించుకున్నాడు. తిరుగు బస్సులో నా పక్కన కూర్చుని మెల్లగా అన్నాడు.

“మీరు మొఖం తుడుసుకున్నరు గద సార్. గా టీముల గూడ ఎవలో పెద్దసారు ఉన్నడేమో అనుకున్న.”

చెమట పట్టిందయ్యా అన్నాను. ఎండ గట్లనే ఉండె సార్ అని కిటికీ వైపు తిరిగాడు. తిట్టినా బాగుండేది.

నెల తిరక్కుండానే వార్షికోత్సవం వచ్చింది. అతనింకా కాంట్రాక్టు కూలీయే, గోల్‌లో మాత్రం అతనే. జీఎం గారు బంతితో వస్తుంటే నాకు సిగ్గేసి, తువ్వాల ముట్టుకోలేదు. అతను నా వైపు చూశాడు. ఒక్క క్షణం ఎదురుచూశాడు. తర్వాత తనంతట తానే అవతలి పక్కకి దూకాడు. నేను చెప్పిన చదువు అతనికి అంత బాగా వంటబట్టింది. ఆ సాయంత్రం ఉత్తమ కోచ్ షీల్డు నాకు ఇచ్చారు.