చల్లారిన బగారన్నం

తొంభైల మొదట్లో గల్ఫ్‌లో, బర్కా అనే ఊళ్లో ఒక ఖర్జూరం తోటలో పనిచేసేవాణ్ని. మేం నలుగురం జగిత్యాల వైపు వాళ్లం, ఒకే రూమ్‌లో ఉండేవాళ్లం. అక్కడ యజమానిని అర్బాబ్ అంటారు. మా అర్బాబ్ మామూలుగా దగ్గినా నాకు గుండె జారేది.

నేను విమానం ఎక్కేనాటికి నా భార్యకు ఆరో నెల. పాపకు ఏడాది నిండిందని, అడుగులు వేస్తోందని ఉత్తరం వచ్చింది. సెలవు కావాలి. కానీ రెండేళ్లు నిండకుండా అడిగితే వీసా క్యాన్సిల్ చేసి పంపించేస్తారని మా రూమ్‌లో పెద్దాయన నేను దిగిన రోజే చెప్పాడు. ఆయన్ని కాకా అనేవాళ్లం. కాకా చెప్పాక ఇంకేముంది, నోరు కుట్టేసుకున్నాను.

ఉత్తరం చదివి నేను తిండి మానేసేసరికి ఉపాయం కూడా ఆయనే చెప్పాడు.

"శుక్రారం అర్బాబును బువ్వకు పిలుద్దాం. బగారన్నం, మటన్ కూర, పచ్చిపులుసు. కడుపు నిండినంక ఎసుంటోడైనా మెత్తవడ్తడు. అప్పుడు మెల్లగ అడుగు."

ఆ శుక్రవారం ఉప్పు సరిపోయిందా లేదా అని నలుగురం నాలుగేసి సార్లు రుచి చూశాం. కూరలో పావు వంతు అలాగే పోయింది.

అర్బాబ్ వచ్చి చాప మీద కూర్చున్నాడు. పెద్ద పళ్లెంలో అన్నమంతా పోసి ముందు పెట్టి, మేం చుట్టూ చేతులు కట్టుకుని నిలబడ్డాం. మా ఇళ్లలో పద్ధతి అది. చుట్టం తిని చెయ్యి కడుక్కునేదాకా ఇంటివాళ్లు మెతుకు ముట్టరు.

ఆయన చెయ్యి పెట్టలేదు. అన్నాన్ని చూశాడు, మమ్మల్ని చూశాడు. కాకా ఇంకో గరిటె కూర వేశాడు. ఆయన మళ్లీ చూశాడు. కాకా మళ్లీ వేశాడు.

"కాకా, ఆపుండ్రి. పళ్లెం పొర్లుతది," అన్నాను.

"ఊకోరా. పిసినారులనుకుంటడు."

అర్బాబ్ మొహం మాడింది. "తుమ్ లోగ్ నహీ ఖాతా?" అన్నాడు వచ్చీరాని హిందీలో, మీరు తినరా అని.

"ఆప్ కే బాద్," మీరు తిన్నాకే అన్నాడు కాకా, ఎంతో వినయంగా.

తనతో కలిసి తినడం ఇష్టం లేనివాళ్లు తననెందుకు పిలిచారంటూ ఆయన లేవబోయాడు. వాళ్లింట్లో అందరూ ఒకే పళ్లెం చుట్టూ కూర్చుంటారని అప్పుడు తెలిసింది. నా సెలవు కూడా ఆయనతోపాటే లేచిపోతోంది. దబ్బున కూర్చుని ఆయన పళ్లెంలోనే చెయ్యి పెట్టాను. ఊహ తెలిశాక మా అమ్మ పళ్లెంలో కూడా చెయ్యి పెట్టలేదు నేను, ఎంగిలని. మొదటి ముద్ద గొంతు దిగనంది, రెండోది దానంతటదే దిగింది. మిగతా ముగ్గురూ కూర్చున్నారు. అర్బాబ్ కూరలోంచి మూలుగ బొక్క ఒకటి ఏరి నా వైపు పెట్టాడు.

ఇంట్లో ఎవరెవరున్నారని అడిగాడు. భార్య, బిడ్డ అన్నాను.

"బిడ్డ ఎంత ఉంటుంది?"

చేత్తో చూపించబోయాను. ఎంత ఎత్తులో ఆపాలో తెలియలేదు.

ఆయన తినడం ఆపాడు. చూడనే లేదా, మరి తననెందుకు సెలవు అడగలేదన్నాడు. రెండేళ్లు నిండలేదు కదా అని నసిగాను. అలాగని ఎవరు చెప్పారన్నాడు. కాకా అన్నంలో లేని బొక్క కోసం వెతకసాగాడు.

"పొద్దున వచ్చి నీ పాస్‌పోర్ట్ తీసుకుని, బిడ్డను చూసి రా," అన్నాడు అర్బాబ్.

కాకా మీద కోపం రావాలి. నా మీదే వచ్చింది. వద్దని ఎవరూ అనకుండానే నేను అక్కడ ఆగిపోయాను, ఇక్కడ నా బిడ్డ నడక నేర్చేసింది.