మా అత్త ఈఎస్సార్

మా అత్త మెడ మీద గడ్డ లేచినప్పుడు దానికి మొదట దొరికిన కారణం నేను. పంతొమ్మిది వందల డెబ్బైల చివర్లో, పెళ్ళై టాటానగర్ రైల్వే క్వార్టర్‌కి కాపురానికొచ్చిన కొత్త. నీళ్ళ బిందె సగం ఒలకబోసుకుంటూ తెచ్చేదాన్ని. "కోడలొచ్చినా నీల్లు నానే మొయ్యాల. మెడ వాచిపోదేటి మరి?" అని వీధంతా వినేలా అనేది అత్త.

కాని బిందె మానేసినా గడ్డ తగ్గలేదు. సాయంత్రమయ్యేసరికి జ్వరం, ఒళ్ళంతా దురద, జాకెట్లన్నీ వదులు. చివరికి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేశారు. అక్కడి డాక్టరు బెంగాలీ ఆయన, నెమ్మదస్తుడు. హిందీలో చెప్పేది నేను తెలుగు చేసి అత్తకు చెప్పాలి. ఆయన కేన్సర్ అన్నాడు. నేను ఆ మాట మింగేసి "గడ్డ జబ్బట అత్తా" అన్నాను.

"ఆ ముక్క నాకూ ఇనబడిందిలే. మందుకి లొంగుతాదా నేదా, అదడుగు."

లొంగే రకమే అన్నాడు డాక్టరు. ఎంతవరకు లొంగుతుందో చెప్పడానికి మిగతా పరీక్షలతో పాటు ఈఎస్సార్ కూడా చూస్తామన్నాడు. రక్తాన్ని సన్నటి గాజు గొట్టంలో నిలబెడితే గంటలో ఎర్రకణాలు కొంత కిందికి దిగుతాయి; ఎంత దిగాయన్నదే ఈఎస్సార్ అంకె. ఒంట్లో జబ్బు జోరుగా ఉంటే గబగబా దిగిపోతాయి. పరీక్షలో అత్తకు అది చాలా ఎక్కువని తేలింది కాబట్టి మందు గట్టిగానే ఇవ్వాలన్నాడు. మందు పనిచేస్తుంటే ఆ అంకె తగ్గుతూ వస్తుంది.

ఇదంతా విని అత్త, "అయితే నా రగతం కూడా నాలాగే ఒక్క సోట నిలబడదన్నమాట" అంది.

ఇంజెక్షన్లు మొదలయ్యాయి. వాంతులు, నీరసం, దువ్వెన నిండా జుట్టు. అవన్నీ పడింది కాని వాటి గురించి ఎవరైనా అడిగితే ఆవిడకు విసుగు. ఈఎస్సార్ గురించి అడగాలి. కుళాయి దగ్గర ఆడవాళ్ళు, "ఏటి పిన్నీ, ఈ నెలెంత?" అని అడిగితే, క్రికెట్ స్కోరు చెప్పినంత దర్జాగా చెప్పేది. గూడ్సు బండి డ్రైవరైన మా మావ లెక్క ఇంకొకటి. "సిగ్నల్ చెయ్యి కిందకి దిగిందంటే లైన్ క్లియరే. దీనికీ అంతే" అనేవాడు.

కోపమొస్తే అంకె పెరుగుతుందని ఎవరు చెప్పారో తెలీదు, పరీక్షకి ముందురోజు మాత్రం అత్త మావతో దెబ్బలాడేది కాదు. కూరలో ఉప్పెక్కువైందని ఆయనంటే "అవునయ్యా" అని ఊరుకునేది. మావ నన్ను పక్కకి పిలిచి, "రోజూ రగతం తీమని డాక్టర్‌కి సెప్పకూడదేటమ్మా?" అనడిగాడు.

నెలనెలా దిగుతూ వచ్చిన అంకె ఒకసారి ఉన్నట్టుండి పైకి లేచింది.

ఆసుపత్రి గేటు దగ్గర మావ సైకిల్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. "దిగిందా?" అన్నాడు. లేదని తలూపాను. ఆయన సైకిల్ నడిపించుకుంటూ ముందుకెళ్ళాడు. ఆ పూట అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. జబ్బు మళ్ళీ తిరగబెట్టిందనే అనుకున్నాం. ఇంట్లో అందరం మెల్లగా మాట్లాడటం మొదలెట్టాం. అత్త మాత్రం చాయ్‌లో రొట్టె నానబెట్టుకుని, ఎవరివైపూ చూడకుండా తింటూ కూర్చుంది. ధైర్యమనుకున్నాను.

మర్నాడు డాక్టరు మెడ తడిమాడు, చంకలు చూశాడు, పొట్ట నొక్కాడు. ఎక్కడా గడ్డల్లేవు. ఎక్స్‌రే కూడా బాగానే ఉంది. కాసేపు ఆలోచించి, నోరు తెరవమన్నాడు.

అత్త పెదాలు బిగించింది. తర్వాత తన హిందీలో, "నోట్లో క్యా హై సాబ్? రగతం లియా నా, ఓహీ బోలేగా" అంది, తీసిన రక్తమే అన్నీ చెబుతుందన్నట్టు.

ఆయన వేలితో బుగ్గ మీద అలా ఆనించాడో లేదో, "ఓలమ్మో!" అన్న కేక వరండా దాకా వినబడింది. దవడ పన్ను కింద చిగురు వాచి చీము పట్టింది. ఎన్నాళ్ళ నుంచో నొప్పి. పైకి చెబితే జుగ్సలాయి బజార్లో పళ్ళు పీకేవాడి దగ్గరికి తీసుకెళ్తామని నోరు మూసుకుంది.

"ఇన్ని సూదులు పొడిపించుకున్నావు, పన్నుకి భయమేటి అత్తా?" అన్నాను.

"సూదోడు పొడిసి ఒగ్గేత్తాడే. ఆ పల్లోడైతే పన్ను అట్టుకెలిపోతాడు కదా!"

డాక్టరుకు అది హిందీలో చెబుతుంటే నాకు నవ్వాగలేదు. ఆయనా నవ్వాడు కాని, తర్వాత నాతో గట్టిగానే అన్నాడు: "ఒంట్లో ఏదో ఉందని ఈ పరీక్ష చెబుతుంది. ఏముందో చెప్పదు. అది మనిషిని చూసి తెలుసుకోవాలి." చీము తగ్గేదాకా ఇంజెక్షన్ ఆపి మందు బిళ్ళలిచ్చాడు. పన్ను మాత్రం ఆసుపత్రిలోనే, తను పక్కన నిలబడి తీయించాడు.

ఆ సంగతి మావకు గుమ్మంలోనే చెప్పాను. ఆయన నేనెప్పుడూ విననంత గట్టిగా అరిచాడు. "పన్ను నొప్పని సెప్పడానికి నోరు నేదేటే నీకు? నా పేనం తీసీసినావు కదే!" అరుస్తూ అరుస్తూనే తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. అత్త తిరిగి ఒక్క మాటా అనలేదు. నోట్లో దూది ఉంది మరి.

తర్వాతి పరీక్షలో అంకె మళ్ళీ దిగింది. ఇంజెక్షన్ల వరస పూర్తయింది. జుట్టు మొలిచింది. ఈసారి కాస్త ఉంగరాలు తిరిగి వచ్చిందేమో, అద్దం ముందు నుంచి కదిలేది కాదు. ఒంట్లో జబ్బు ఆనవాళ్ళు లేవని, ఇక చాన్నాళ్ళకోసారి కనిపిస్తే చాలని డాక్టరు చెప్పిన రోజున అత్త సున్నుండలు పట్టుకెళ్ళింది. ఆయన రోగుల ముందే ఒకటి నోట్లో వేసుకుని, ఇంకొకటి తీసుకున్నాడు.

అత్త ఆయన నమలడం చూసి, నా చెవి దగ్గర, "ఈయన పల్లు బాగానే ఉన్నాయే" అంది.